తెల్లమేడ ఎదురు సందు

పొద్దుటి ఏర్పాటు చాలా చిన్నది. చంటాడు నిద్రలో ఉండగా హార్బరు దాకా నడిచి, వాడు పాలకి లేచేలోపు తిరిగి రావాలి. అంతే. ఇందులో పొరపాటు జరగడానికి చోటే లేదన్నాడు మేస్త్రి. అతను ఆ మాట అన్నాడంటే ఏదో జరగబోతోందని అతని ఇల్లాలికి పెళ్ళైన కొత్తలోనే తెలిసిపోయింది.

ఈ ప్రయాణం సిమెంటు కంపెనీ వాళ్ళు ఇచ్చింది. అందరికంటే ఎక్కువ బస్తాలు వాడిన మేస్త్రీలని ఏరి, కుటుంబాలతో సహా విమానం ఎక్కించి, సముద్రం ఒడ్డునున్న ఈ పరాయి దేశపు ఊళ్ళో దింపారు. విమానమెక్కడం, దేశం దాటడం, సముద్రం పక్కన పడుకోవడం, మూడూ ఈ కుటుంబానికి ఒక్కసారే మొదలయ్యాయి. సముద్రమైతే రాత్రి చీకట్లో హోరు వినిపించిందే గాని ఇంకా కనపడలేదు. తక్కిన మేస్త్రీలంతా తెల్లవారగానే బస్సెక్కి ఏదో టవరు చూడ్డానికి పోయారు. చంటాడు రాత్రంతా రాగాలు తీసి అప్పుడే కళ్ళు మూశాడు కాబట్టి వీళ్ళు మాత్రం హోటల్లో మిగిలిపోయారు.

"ఇంతదూరం వచ్చి గదిలో గోడలు చూస్తూ కూచుంటామా? గోడలు నేను కట్టేవే కదే! పద, అలా నడిచొద్దాం," అన్నాడు మేస్త్రి.

"వాడు లేస్తేనో? సీసా ముట్టడండీ వాడు. చెంచాతో పోస్తే ఉమ్మేస్తాడు."

"అరగంటలో వచ్చెయ్యమూ?"

"పోయి రావే అమ్మాయ్," అంది అత్తగారు మంచం మీద కాళ్ళు చాపుకుంటూ. "ఇంతమందిని పెంచినదాన్ని, వీడొక్కణ్ణి చూసుకోలేనా? పాలివ్వడం ఒక్కటే నావల్ల కాదు. వేళకి వచ్చెయ్."

ఇల్లాలు గదిలోంచి కదలడానికి సగం పొద్దు పట్టింది. చంటాడికి అటు దిండు, ఇటు దిండు పెట్టింది. వాడు ఏడిస్తే పెట్టడానికి ఏనుగు పాట ఉన్న ఫోను, ఈ దేశంలో వీళ్ళకి పలికే ఒకే ఒక్క ఫోను, అత్తగారి చేతిలో పెట్టింది. తాళంచెవి బదులు ఆ హోటలు వాళ్ళు ఇచ్చిన అట్టముక్క తలుపు పక్కన గోడలో గుచ్చి ఉంది. అది పీకితే దీపాలూ ఏసీ అన్నీ టక్కున ఆరిపోతాయి. చెమట పోస్తే చంటాడు లేస్తాడు. కాబట్టి దాన్నీ అక్కడే ఉంచేశారు. హోటలు పేరు ఆ అట్టముక్క మీద ఉంది. ఇంకెక్కడా, అంటే వీళ్ళిద్దరి బుర్రల్లో, లేదు.

వెళ్ళబోతూ మేస్త్రి తల్లికి కిటికీలోంచి చూపించాడు. సందు చివర ఒక పొడుగాటి గోడౌను, దాని రేకుల మీదుగా ధగధగలాడుతూ ఒక తెల్లమేడ. వరసమీద వరస బాల్కనీలు. ఒక బాల్కనీలో ఎవరో తువ్వాలు ఆరేశారు.

"అదిగో, ఆ మేడ దాకా వెళ్ళొస్తామమ్మా."

"ఎంత మేడరా నాయనా! ఎన్ని కాపురాలున్నాయో అందులో!"

కిందికి దిగాక మేస్త్రి భార్యకి కొత్త ఊళ్ళో తిరగడమెలాగో నేర్పాడు. "పేర్లు పట్టుకుంటే పని జరగదు. గుర్తు పట్టుకోవాలి. కొట్టయితే మూసేస్తారు, బోర్డయితే మార్చేస్తారు. మేడ ఎక్కడికి పోతుంది? తెల్లమేడ ఎదురు సందు మనది. ఎక్కడ తప్పిపోయినా తలెత్తి చూడు, మేడ కనపడుతుంది. దానికేసి నడువు."

గోడౌను పొడుగునా నడుస్తూ అతను తల దించలేదు. పక్కన వీధులున్నాయి, రంగురంగుల తలుపులున్నాయి, ఎర్రదీపం పడితే బండి ఒక్కటీ రాకపోయినా బుద్ధిగా నిలబడే మనుషులున్నారు. అవన్నీ ఇల్లాలు చూసింది. మేస్త్రి మాత్రం మేడనే చూశాడు. చెవి సందున పెన్సిలు ఎప్పుడూ ఉన్నట్టే ఉంది. పనిలో ఉన్నవాడిలా ముఖం పెట్టాడు.

"బాల్కనీలు చూశావూ? తాడు పట్టి లేపినట్టున్నాయి. ఉప్పుగాలికి ఒక్క పగులన్నా ఉందేమో చూడు. కిటికీలు కొన్ని గుండ్రంగా పెట్టారు. అదిక్కడ ఫ్యాషనల్లే ఉంది."

"పైన అంత లావు పొగగొట్టం ఎందుకండీ?"

మేస్త్రి ఒక్క క్షణమే ఆలోచించాడు. "అన్ని కాపురాలకీ కలిపి ఒక్కచోటే వండుతారు. గొట్టం ఆ మాత్రం ఉండొద్దూ?"

గోడౌనుకి అవతల ఏముందో చూద్దామంటే దారి లేదు, గోడ. దాన్ని చుట్టి, ఇంకో గోడౌను దాటి, మలుపు తిరిగితే మేడ గోడౌన్ల చాటుకి పోయి, ఉన్నట్టుండి సముద్రం ఎదురుపడింది. చిన్న చిన్న పడవలు ఒకదాన్నొకటి రాసుకుంటూ ఊగుతున్నాయి. తొడ లావు తాళ్ళు ఇనప గుంజలకి చుట్టి ఉన్నాయి. వలలు నేలమీద పరిచి, ఒక ముసలాయన వాటి మధ్య కూచుని చిరుగులు కుడుతున్నాడు. తెల్లపిట్టలు చంటిపిల్లల్లా కేకలు పెడుతున్నాయి. అవి అరిచినప్పుడల్లా ఇల్లాలు ఉలిక్కిపడి వెనక్కి చూసింది.

"లేచాడేమోనండీ."

"అవి పిట్టలే!"

అప్పుడు వినపడింది, భూమిలోంచి వచ్చినట్టు, గుండెలు అదిరిపోయేలా ఒక పెద్ద బూర మోత. ఆగింది. మళ్ళీ మోగింది.

"ఏదో మిల్లు సైరను. షిఫ్టు మారుతోంది," అన్నాడు మేస్త్రి తెలిసినవాడిలా.

"షిఫ్టు సంగతి నాకెందుకు! ఆ మోతకి చంటాడు లేవకుండా ఉంటాడా? పదండి, పదండి!"

తిరిగి మలుపు దాకా వచ్చారు. మేస్త్రి అలవాటుగా తలెత్తాడు. ఎత్తిన తల అలాగే ఉండిపోయింది.

గోడౌను ఉంది. రేకులున్నాయి. రేకుల మీద ఆకాశం ఉంది. ఇంకేమీ లేదు.

"ఇది కాదు, వేరే గోడౌను," అన్నాడు చివరికి.

"ఈ ఆకుపచ్చ గేటు ఇందాక చూశామండీ."

"ఆకుపచ్చ గేటు ఊరికి ఒక్కటే ఉంటుందా? మనం ఒక వీధి ముందే తిరిగాం."

ఒక వీధి అవతలికి వెళ్ళారు. అక్కడా మేడ లేదు. ఇంకో వీధి. అక్కడ రెండిళ్ళ మధ్య సందులోంచి, దూరంగా, తెల్లమేడ చివరంచు తళుక్కుమంది.

"అదిగో! నేను చెప్పలా?"

ఇద్దరూ అటు పరుగులాంటి నడక పెట్టారు. చెమటలు కక్కుతూ ఆ వీధి కొస చేరేసరికి అక్కడ మేడ లేదు. కుడిపక్క, ఇంకా దూరంగా, పొగగొట్టం మాత్రం కనపడింది.

"ఇందాక ఎడమ పక్క కదండీ ఉంది?"

"మనం వంకర తిరిగాం. మనం తిరిగితే అది తిరిగినట్టు కనపడుతుంది. అన్ని కట్టడాలూ అంతే."

"అయితే చిన్నదవుతోందేం?"

మేస్త్రి ఇంకాస్త వేగంగా నడిచాడు. ఇల్లాలు చెప్పుల్ని చేత్తో పట్టుకుని వెంటపడింది. వాళ్ళు కుడికి వెళితే మేడ ఎడమకి వెళ్ళింది. ఎడమకి వెళితే అసలు మాయమైంది. అరగంట ఎప్పుడో దాటిపోయింది. ఆ సంగతి ఇల్లాలికి ఏ గడియారమూ చెప్పనక్కర్లేదు. పాలు చేపుకొచ్చి జాకెట్టు తడిసిపోతోంది. కొంగు నిండా కప్పుకుంది. వాడు లేచాడు, ఇప్పుడే లేచాడు, నోరు తెరిచి వెతుక్కుంటున్నాడని ఒళ్ళు చెబుతోంది.

"ఎవర్నన్నా అడగండి!" అంది అతని చొక్కా పట్టుకు లాగుతూ.

"ఏమని అడగను? హోటలు పేరు తెలుసా నీకు?"

"మీకు తెలుసా?"

"నేను గుర్తు పెట్టుకున్నది మేడని."

చిన్న బడ్డీలో పత్రికలమ్ముకుంటున్న ఆవిడ దగ్గరికి వెళ్ళి మేస్త్రి, "తెల్లమేడండీ! తెల్ల! మేడ!" అని అరిచాడు. భాష రానివాళ్ళకి పెద్దగా చెబితే ఎక్కుతుందని అతని నమ్మకం. ఆవిడ భయపడి అతని చేతికి నీళ్ళసీసా ఇచ్చింది. తాగాడు. తాగాక ఆలోచన వచ్చింది. చెవి సందునున్న పెన్సిలు తీసి, ఎదురుగా ఉన్న గోడౌను గోడ మీద మేడ బొమ్మ గీయడం మొదలుపెట్టాడు. బాల్కనీలు వరసగా వేశాడు. గుండ్రటి కిటికీలు వేశాడు. పొగగొట్టం వేసి పొగ కూడా పెట్టాడు. ఇంత గాభరాలోనూ గీత ఒక్కటి వంకర పోలేదు.

తువ్వాలు కూడా గీస్తుండగా భుజం మీద చెయ్యి పడింది. ఆ గోడౌను కాపలావాడు. తెల్లమీసాలు, నడుముకి వాకీటాకీ, మొహం నిండా కోపం. కొత్తగా సున్నం కొట్టిన గోడ అది. నోరు తెరిచి తిట్టబోయి, బొమ్మ వైపు చూశాడు. వీళ్ళిద్దరి వైపు చూశాడు. చెమటలు, చేతిలో చెప్పులు, ఇల్లాలి కళ్ళల్లో నీళ్ళు. అతని కోపం కాస్తా జాలి అయిపోయింది.

"అయ్యయ్యో!" లాంటిదేదో తన భాషలో అని, మేస్త్రి చెయ్యి పట్టుకుని పరిగెత్తడం మొదలుపెట్టాడు.

"తెలిసిపోయిందే ఆయనకి! చూశావా బొమ్మ మహిమ!" అన్నాడు మేస్త్రి ఎగశ్వాసతో.

గేటులోంచి, గుట్టలుగా పోసిన పెట్టెల మధ్యనుంచి, రేవు కొసదాకా లాక్కెళ్ళాడు కాపలావాడు. వాకీటాకీలో ఏదో అరిచాడు. ఎక్కణ్ణించో ఒక మోటారు పడవ వచ్చి మెట్ల దగ్గర ఆగింది. పడవవాడు ఒక నారింజరంగు ఉబ్బు కోటు మేస్త్రి మెడలో తొడిగి బకిళ్ళు బిగించాడు.

"మీరెందుకు తొడుక్కున్నారండీ అది?"

"ఏమో, ఇచ్చాడు. చలిగాలికేమో."

"పడవెందుకు?"

"దగ్గర దారేమోలే. నువ్వు ఎక్కు."

అప్పుడు ఇల్లాలు సముద్రం వైపు చూసింది. చూసి, కొంగు నోటికడ్డం పెట్టుకుంది.

నీళ్ళ మీద, తీరికగా, తెల్లమేడ పోతోంది. బాల్కనీలన్నీ పోతున్నాయి. ఆరేసిన తువ్వాలు పోతోంది. కిందివైపు ఇందాక గోడౌను అడ్డొచ్చి కనపడని భాగమంతా నీలంగా, కోసుగా, నీళ్ళని చీల్చుకుంటూ పోతోంది.

"ఏవండీ," అంది మెల్లగా, "మన మేడ వెళ్ళిపోతోంది."

మేస్త్రి చూశాడు. పెన్సిలు కిందపడింది. కానీ ఇన్నేళ్ళ వృత్తి ఒక్కసారిగా మనిషిని వదిలిపెట్టదు. ఒక కాలు పడవలో పెట్టి, "మన సందు దాని ఎదురుగానే కదే..." అన్నాడు.

"సందు నీళ్ళల్లో ఉంటుందా? మతి పోయిందా మీకు? అది ఓడండీ, ఓడ! ఓడెక్కి పోవాల్సిన వాళ్ళమనుకుని ఎక్కిస్తున్నారు మనల్ని!"

కాపలావాడు తొందరచేస్తూ ఆమె జబ్బ పట్టుకున్నాడు. పడవవాడు రమ్మని చేతులు ఊపాడు. ఇద్దరూ పుణ్యాత్ములే, ఇద్దరూ ఆమెని తీసుకెళ్ళి నడిసముద్రంలో ఓడకి అప్పగించాలని చూస్తున్నారు. ఇల్లాలు అక్కడే చతికిలబడి, తాడు చుట్టిన ఇనప గుంజని రెండు చేతులా కావలించుకుంది.

"నేను రాను. నా బిడ్డ ఒడ్డునున్నాడు. చంపినా రాను!"

ఎవరికీ అర్థం కాలేదు. గుంజ వదిలి, చేతులు ఉయ్యాలలా ఊపి చూపించింది. చంటిపిల్లాడు. గుండె తట్టుకుంది. నా వాడు. తర్వాత వేలెత్తి ఊరి వైపు చూపించబోయింది గానీ, ఊళ్ళో ఎటువైపో ఆమెకి తెలిస్తే కదా! ఆ వేలు ఒకసారి గోడౌన్ల వైపు తిరిగింది, ఒకసారి పెట్టెల వైపు తిరిగింది, చివరికి ఏడుపు ముంచుకొచ్చి, దీనంతటికీ మూలమైన ఆ ఓడకేసి ఆగిపోయింది.

కాపలావాడి మొహం పాలిపోయింది. వాకీటాకీ నోటికి ఆనించుకుని అతను పెట్టిన కేకలకి పిట్టలు లేచిపోయాయి. ఆ చివరనుంచి ఎవరో తిరిగి కేకలు పెట్టారు. కాసేపు రెండు గొంతులూ పోట్లాడుకున్నాయి. అతను చేతులు ఉయ్యాలలా ఊపుతూనే మాట్లాడాడు, అవతలివాడికి కనపడుతుందన్నట్టు.

తర్వాత జరిగింది ముందు చూసింది మేస్త్రి.

"ఏమే," అన్నాడు. "ఆగింది."

ఓడ ఆగింది. మెల్లగా, పెద్ద గేదె బురదలో తిరిగినట్టు, పక్కకి తిరిగింది. తిరిగి, వచ్చినదారినే రేవు వైపు రావడం మొదలుపెట్టింది.

"వెనక్కొస్తోందే! అది ఎక్కడ ఆగితే మన సందు అక్కడే! పరిగెత్తు!"

ఈసారి ఇల్లాలు ఎదురు చెప్పలేదు. ఒడ్డున వీళ్ళూ, నీళ్ళలో మేడా పక్కపక్కనే సాగారు. కాపలావాడు ఒగరుస్తూ వెనకొచ్చాడు. పొడుగాటి గోడౌను వచ్చింది. ఆకుపచ్చ గేటు వచ్చింది. రేకుల మీదుగా బాల్కనీలు ఒక్కొక్క వరసే వచ్చి, పొద్దున ఉన్నచోట ఉన్నట్టు సర్దుకుని నిలబడ్డాయి. ఎదురుగా సందు. సందులో హోటలు.

హోటలు ముందు హాల్లో అడుగుపెట్టడానికి చోటు లేదు. యూనిఫాం వేసుకున్నవాళ్ళు, వేసుకోనివాళ్ళు, గది ఊడ్చే ఆవిడ, మధ్యలో సోఫాలో అత్తగారు, ఆవిడ ఒళ్ళో కందిపోయిన మొహంతో చంటాడు. ఏనుగు పాట మోగుతూనే ఉంది. వాడు దానికి మించి ఏడుస్తున్నాడు. ఇల్లాలు జనాన్ని తోసుకెళ్ళి వాణ్ణి లాక్కుని, గోడవైపు తిరిగి, కొంగు కప్పేసుకుంది. యూనిఫాంలన్నీ మర్యాదగా మొహాలు తిప్పుకున్నాయి. కొంగులోంచి ఆబగా గుటకల చప్పుడు ఒక్కటే వినపడింది. ఇల్లాలు కళ్ళు మూసుకుని, పొద్దుటినుంచి బిగబట్టిన ఊపిరి వదిలింది.

అత్తగారు లేచి కొడుకుని ఒళ్ళంతా తడిమింది. "బతికే ఉన్నావురా! కిటికీలోంచి చూస్తున్నా. మీరు చూడ్డానికి పోయిన మేడ మిమ్మల్ని వేసుకుని కదిలిపోయింది! ఇదిగో ఈవిడ గది ఊడవడానికొస్తే చెయ్యి పట్టి కిటికీ దగ్గరికి లాక్కెళ్ళా. ఫోను మీద మీ ఇద్దరి ఫోటో చూపించా, ఆ మేడ చూపించా, చంటాణ్ణి చూపించా. మహాతల్లి, నాతోపాటు కూచుని ఏడ్చి, ఊరందర్నీ పిలిచింది."

రేవు అధికారి ముందుకొచ్చాడు. గంభీరమైన మనిషి. తన భాషలో ఫోనులోకి మాట్లాడితే ఆ ఫోను ఆడగొంతుతో తెలుగు చెప్పింది.

"మీరు ఓడ నుండి దూకితిరా?"

మేస్త్రి తన నారింజరంగు కోటు చూసుకున్నాడు. "ఎక్కితే కదండీ దూకడానికి!"

ఫోను దీన్ని అటు ఏం చెప్పిందో గాని, అధికారి మొహం ఇంకా ముడుచుకుపోయింది. మళ్ళీ మాట్లాడాడు. ఫోను ఊపిరి తీసుకోకుండా చదివింది.

"హోటలు వారి కబురు: తల్లిదండ్రులు ఓడలో, శిశువు ఒడ్డున. రేవు వారి కబురు: తల్లిదండ్రులు ఒడ్డున, శిశువు ఓడలో. ఓడ నాయకుడు గదులన్నియు, మంచముల క్రిందను, వంటపాత్రలలోను వెదకించెను. పిమ్మట శిరోభారము కలిగి ఓడను త్రిప్పెను. ఇప్పుడు తెలుపుడు. ఓడలో ఎవరున్నారు?"

"మా వాళ్ళెవరూ లేరండీ," అన్నాడు మేస్త్రి వినయంగా. "మేమందరం ఇక్కడే ఉన్నాం."

అధికారి కళ్ళు మూసుకున్నాడు. కాపలావాడు ఉయ్యాల ఊపిన చేతుల్ని మెల్లగా వెనక్కి దాచుకున్నాడు. గోడవైపు నుంచి ఇల్లాలు, భుజం మీద చంటాణ్ణి వేసుకుని వీపు నిమురుతూ ఇటు తిరిగింది. వాడు పెద్దగా ఒక్క త్రేనుపు త్రేన్చాడు. ఆ త్రేనుపుకి ముందు అధికారి నవ్వాడు, తర్వాత హాలంతా నవ్వింది. ఎవరూ ఎవరినీ ఏమీ అనకుండానే ఆ గొడవ ముగిసింది.

బయట బూర మళ్ళీ మోగింది. టవరు చూసొచ్చిన మేస్త్రీల బస్సు అప్పుడే ఆగింది. దిగినవాళ్ళు దిగినట్టే గుమ్మంలో గుంపు కట్టి, "ఏమైందన్నా? ఆ కోటేంటి? పోలీసులెందుకు?" అని చుట్టుముట్టారు. అందరూ ఇళ్ళు కట్టేవాళ్ళే. అందరి కళ్ళూ ఇతని మీదే ఉన్నాయి.

గోడౌను రేకుల మీదుగా తెల్లమేడ రెండోసారి బయల్దేరింది. అత్తగారు దాన్నే కళ్ళార్పకుండా చూస్తోంది.

"ఒరేయ్, వీళ్ళందరూ ఓడ ఓడంటారేంట్రా? నువ్వు మేడని చూపించావుగా? మేడైతే అలా పోతుందా?"

ఇల్లాలు కొంగు చాటున పెదవి కొరుక్కుంది. మేస్త్రి గొంతు సవరించుకుని, నలుగురి ముందూ నిటారుగా నిలబడి, వెళ్ళిపోతున్న బాల్కనీలని పరీక్షగా చూశాడు.

"మేడేనమ్మా. పునాది వెయ్యలేదు, అంతే."